దసరా సెలవుల్లో పశ్చిమ సిచువాన్ వెళ్తున్నారా? ముందు ఎత్తు లెక్క చూసుకోండి

చైనాలోని సిచువాన్‌లో చెంగ్డూ పాండాలు, లెషాన్‌లో కొండను తొలిచి చెక్కిన 71 మీటర్ల బుద్ధుడు, అంతవరకే మీ ప్రయాణమైతే పెద్దగా భయపడాల్సిందేమీ లేదు. అక్కడితో ఆగకుండా పడమటి కొండల్లోకి, టిబెటన్లు ఉండే గర్జే ప్రాంతంలో మంచు శిఖరాల యాడింగ్ అభయారణ్యం దాకా వెళ్దామనుకునేవారి కోసమే ఈ జాగ్రత్తలు.

చెంగ్డూ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. దావోచెంగ్ యాడింగ్ విమానాశ్రయం 4,411 మీటర్ల ఎత్తున ఉంది. 2013లో మొదలైన ఈ విమానాశ్రయం ప్రపంచంలోకెల్లా ఎత్తైనది. చెంగ్డూలో టిఫిన్ చేసి విమానమెక్కితే గంటా గంటంబావులో అక్కడ దిగిపోతారు. మన తూర్పు కనుమల్లో అతి ఎత్తైన శిఖరమే 1,700 మీటర్లు లేదు. అలాంటి నేల మీద పుట్టి పెరిగిన ఒంటికి ఒక్కసారిగా అంత పలుచటి గాలి పడదు. టికెట్ చవగ్గా దొరికినా సరే, వెళ్లేటప్పుడు విమానం వద్దు. రోడ్డు మీద వెళ్లండి, కావాలంటే తిరుగు ప్రయాణానికి విమానం పెట్టుకోండి.

రోడ్డు దారిలో కూడా పగలు ఎంత ఎత్తు ఎక్కారన్నదాని కన్నా రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నారన్నదే ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. కాంగ్డింగ్ దాదాపు 2,500 మీటర్లు, అక్కడ రెండు రాత్రులు ఉండండి. మర్నాడు 4,298 మీటర్ల జెదువో కనుమ దాటి షిన్‌దుచియావోలో దిగుతారు. అది 3,400 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడా ఒకరోజు అదనంగా ఆగాలి. లితాంగ్ 4,000 మీటర్లు, దాన్ని చూసి ముందుకు సాగిపోండి, రాత్రి మాత్రం వద్దు. యాడింగ్ కింద ఉన్న రివా ఊరు 2,900 మీటర్లే, బస అక్కడ పెట్టుకుంటే హాయిగా నిద్రపడుతుంది.

తలపోటు, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే ఆ రోజు ఇంకా పైకి వెళ్లకండి. తగ్గకపోతే కిందికి దిగిపోండి. గీత గీసినట్టు తిన్నగా నడవలేక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, దగ్గుతో నురగ పడుతున్నా తెల్లారేదాకా చూద్దామని ఆగకండి. అర్ధరాత్రయినా సరే దింపండి, అంబులెన్స్ కోసం 120కి ఫోన్ చేయండి. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కాసేపటి ఊరటే, అది వైద్యం కాదు. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది బయలుదేరకముందే డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా ఆ సంగతి చెప్పాలి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దలను మొహమాటానికి వెంట తీసుకెళ్లకండి. మొదటి రాత్రుల్లో మద్యం, నిద్రమాత్రలు ముట్టవద్దు.

యాడింగ్‌లో లువోరోంగ్ పచ్చికబయలు దాకా బ్యాటరీ బండి వెళ్తుంది. అక్కణ్నుంచి 4,500 మీటర్ల పాల సరస్సుకు ఎగుడు దారి. పది అడుగులకోసారి నిలబడ్డా తప్పులేదు. మధ్యాహ్నానికల్లా వెనక్కి తిరగండి, ఎండ కాస్తుండగానే వడగళ్లు పడే చోటది. 6,032 మీటర్ల చెన్‌రెజిగ్ శిఖరం అక్కడివారికి సాక్షాత్తు కరుణామూర్తి అయిన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడు. ప్రదక్షిణ చేస్తే మనలాగే కుడివైపుగానే చేయండి. ఆకాశ ఖననం, అంటే మృతదేహాలను రాబందులకు అర్పించే అంత్యక్రియలు, జరిగే చోట్ల ఫొటోలు తీయకండి. 2006లో మన అమరావతిలో దలైలామా ఆధ్వర్యంలో కాలచక్ర ఉత్సవం జరిగినప్పటి నుంచి కొందరి దగ్గర ఆయన ఫొటోలుంటాయి. అవి అక్కడ నిషిద్ధం, సంచిలో పెట్టుకోకండి, ఎవరికీ ఇవ్వకండి, వాళ్లకే ఇబ్బంది.

శాకాహారులు కూరగాయలే అడిగినా పంది కొవ్వులో వేయించి ఇవ్వవచ్చు, ముందే తేల్చుకోండి. 4,000 మీటర్ల దగ్గర నీళ్లు 87 డిగ్రీలకే మరుగుతాయి, మీ చిన్న విద్యుత్ కుక్కర్‌లో ప్రెషర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది. అటుకులు, వేరుశనగ ఉండలు నయం.

అక్టోబర్ 1 నుంచి 7 దాకా చైనా జాతీయ సెలవులు, దసరా వాటితో కలిస్తే గదులు, రోడ్లు కిక్కిరిసిపోతాయి. వీలైతే ఆ వారం దాటాక వెళ్లండి. జూన్ నుంచి ఆగస్టు దాకా వానలకు కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుంటాయి, చేతిలో రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాలి. ఇది భూకంపాల నేల కూడా. 2022 సెప్టెంబర్ 5న కాంగ్డింగ్‌కు దగ్గర్లోని లుడింగ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. వాట్సాప్, గూగుల్ మ్యాప్స్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు. ఫోన్‌తో డబ్బు చెల్లించే చైనా యాప్ అలీపే ఇక్కడే పెట్టుకుని కార్డు కలపండి, కొంచెం నగదు ఉంచండి. బీమా తీసుకునేటప్పుడు ఎత్తు ప్రదేశాల నుంచి తరలించే ఖర్చు ఉందో లేదో చూడండి. మీ జబ్బులు, వాడే మందులు, పడని మందులు చైనీస్‌లో రాయించిన కాగితాన్ని పాస్‌పోర్టులో పెట్టుకోండి.