ఫోను పట్టుకున్న మనిషిని కాపలా అనుకోకండి

సంక్రాంతికి పిల్లలతో ఊళ్లకు వెళ్లే రోజులు దగ్గర పడ్డాయి. ఫొటో తీస్తుండగా పిల్లవాడు కాలువలో పడిపోయాడన్న వార్త మొన్న మళ్లీ పేపర్లో కనిపించింది. చుట్టూ బంధువులు ఉండగానే జరిగింది. ఎండకు టోపీ, తాగడానికి నీళ్లు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. చెప్పవలసింది ఒకటుంది: ఫొటో తీసే మనిషి వేరు, పిల్లను చూసుకునే మనిషి వేరుగా ఉండాలి.

మేనమామ ఫోను పైకెత్తగానే మిగతావాళ్లు ‘ఆయన చూస్తున్నాడు కదా’ అని కబుర్లలో పడతారు. ఆయన చూసేది తెరను. పాప నవ్విందా, ముఖం మీద వెలుగు పడిందా అన్నదే ఆయన ధ్యాస. ఆ బుజ్జి మడమల వెనక గట్టు ఎంత మిగిలిందో తెరలో తెలియదు. పైగా వైడ్ లెన్సు పెడితే వెనక ఉన్నవన్నీ ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే అంటారు: “కొంచెం వెనక్కి జరుగమ్మా!” మూడేళ్ల పిల్ల వెనక్కి చూసుకుని జరగదు. కళ్లు ఫోను మీదే ఉంచి అడుగు వేస్తుంది. ఆ మాట పిల్లలతో అననే అనకండి.

నీటి దగ్గర: దాళ్వా (రబీ వరి) సాగు కోసం గోదావరి డెల్టా కాలువల్లో జనవరిలోనూ నీళ్లు పారుతుంటాయి. రేవు మెట్లకు పాచి పట్టి ఉంటుంది. చిన్నపిల్లలను అక్కడ నిలబెడితే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో మరో పెద్దవాళ్లు ఖాళీ చేతులతో ఉండాలి. ఫొటోలో వాళ్ల చెయ్యి పడితే పడనివ్వండి. మునిగిపోయే పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. కాబట్టి చప్పుడు వినిపిస్తుందని ధీమాగా ఉండకండి. ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంటల దగ్గరికి అసలు తీసుకెళ్లకండి. అందులో జారితే పెద్దవాళ్లకే పట్టు దొరకదు.

చేలో: బంతి తోటలోకైనా మిరప చేలోకైనా దిగేముందు మందు ఎప్పుడు కొట్టారో రైతును అడగండి. ఆకులు తడిమిన చేతినే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. గడ్డివాము మీద కూర్చోబెట్టకండి. ఎలుకల కోసం పాములు చేరతాయి, రక్తపింజర ఎండుగడ్డి రంగులో కలిసిపోతుంది. కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి.

నేల బావి అంచున వద్దు.

దూడను ఈనిన ఆవు, గేదె పక్కన వద్దు.

తాళంచెవి దానికే వదిలేసిన ట్రాక్టరు ఎక్కించొద్దు.

పొలం చుట్టూ ఉన్న తీగను ముట్టనివ్వొద్దు. అడవిపందుల కోసం దొంగచాటుగా కరెంటు పెట్టేవాళ్లున్నారు.

భోగిమంటకు వీపు పెట్టి నిలబెట్టొద్దు. అక్కడ కూడా ‘కొంచెం వెనక్కి’ అనే నోళ్లుంటాయి. అక్కడ కూడా తీసేవాళ్లు వేరు, చూసుకునేవాళ్లు వేరు.

రైలు పట్టాల మీదికి వెళ్లొద్దు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు.

పొద్దు గుంకకముందే చేలోంచి బయటికి రండి.

నూతి దగ్గర స్నానం చేస్తున్న పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పొరుగింటి పిల్లల ఫొటోలు వాళ్ల అమ్మానాన్నలను అడిగాకే తీయండి.

పిల్లను చూసుకోవడానికి ఇంకెవరూ లేరా? అయితే ఫోను జేబులో పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకోండి.