మన ఊరి చరిత్ర మనమే రాద్దాం – 4వ పాఠం: ఊరు వేరు, జిల్లా వేరు

పోయిన పాఠంలో మీ ఊరికి ముఖ్యమైన పది సంవత్సరాలు వరసగా రాసి పంపమన్నాను. విజయనగరం నుంచి వచ్చిన కాగితాల్లో చాలావాటి మీద మొదటి లైను ఒకటే: "1979 – విజయనగరం ఏర్పడింది." ఈ వారం వీధుల పేర్ల గురించి చెబుదామనుకున్నాను. దాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. ముందు ఇది సరిచేసుకోవాలి.

1979 జూన్ 1న ఏర్పడింది జిల్లా. అప్పటికే ఆ ఊళ్లో కోట కట్టడం మొదలై 266 ఏళ్లయింది, 1713 నుంచి లెక్క. మహారాజా కాలేజీ 1879 నాటిది. మున్సిపాలిటీ 1888లో వచ్చింది. ఒకరైతే 1336 నుంచి మొదలుపెట్టారు. అది తుంగభద్ర ఒడ్డున ఉన్న విజయనగరం సంగతి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో సింహాచలం వచ్చి శాసనం వేయించిన మాట నిజమే, బహుశా అక్కడే పొరపాటు పడి ఉంటారు. కానీ ఆయన వచ్చిన రోజుల్లో మన విజయనగరం కోట ఇంకా లేదు.

పాత పుస్తకాల్లో ఊళ్ల పేర్లకు పాత స్పెల్లింగులు ఉంటాయని మీకు తెలుసు, దాని గురించి చెప్పను. జిల్లా గురించి మాత్రం ఇంకా చెప్పాలి, ఎందుకంటే పత్రికల్లో కూడా ఈ తప్పు చూసి చూసి విసిగిపోయాను. 1931 జనాభా లెక్కల్లో "విశాఖపట్నం జిల్లా" అని కనిపిస్తే అది ఇప్పటి జిల్లా అనుకోకండి. అప్పుడు విజయనగరం, బొబ్బిలి, కొరాపుట్ అన్నీ అందులోవే. శ్రీకాకుళం మాత్రం గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కొరాపుట్ అటు పోయింది, శ్రీకాకుళం ఇటు వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. ఆ రెండు జిల్లాల నుంచి కొంత కొంత తీసి 1979లో విజయనగరం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి, అల్లూరి జిల్లాలు విడిపోయాయి. ఇన్ని మార్పులు జరిగినా విశాఖపట్నం జిల్లా అన్న పేరు అలాగే ఉంది. అందుకే 1931 అంకెను 2011 అంకె పక్కన పెట్టి "ఇంత పెరిగింది" అని రాయకూడదు.

ఊరి హద్దుదీ ఇదే తంతు. విశాఖ జనాభా 2001లో పది లక్షల లోపు, 2011లో 17 లక్షల పైన. పదేళ్లలో ఇంతమంది వలస వచ్చారా అని ఒకరు అడిగారు. వచ్చినవాళ్లు ఉన్నారు. కానీ మధ్యలో 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కార్పొరేషన్‌లో కలిపేశారు. ఆ జనం అంతకుముందూ తమ ఇళ్లలోనే ఉన్నారు, వాళ్లను లెక్కేసే పద్దు మారింది. నిజంగా ఊరిని పెంచినవి వేరే ఉన్నాయి: 1933లో మొదలైన హార్బరు, 1941లో షిప్‌యార్డు, 1971లో శంకుస్థాపన జరిగిన స్టీల్ ప్లాంటు. వీటి దగ్గర ఎక్కువ సేపు ఆగండి.

నేను చేసేది చెబుతాను. మూడు రంగుల పెన్సిళ్లు పెట్టుకుంటాను. ఊరికి నీలం, మున్సిపాలిటీ హద్దుకు ఆకుపచ్చ, జిల్లాకు ఎరుపు. నా నోట్‌బుక్కులో 1713 నీలంలో, 1888 ఆకుపచ్చలో ఉన్నాయి. 1979 రెండుసార్లు ఉంది: విజయనగరం జిల్లా ఎరుపులో, విశాఖ కార్పొరేషన్ అయింది ఆకుపచ్చలో. కంప్యూటర్లో చేసుకోవచ్చు గానీ, పెన్సిలు మార్చేటప్పుడు చెయ్యి ఆగుతుంది, ఆ ఆగిన క్షణంలోనే ఆలోచిస్తాం. అందుకే కాగితమే వాడమంటాను.

అభ్యాసం: మీ పది సంవత్సరాలనూ మూడు రంగుల్లో మళ్లీ రాయండి. తర్వాత 1931, 1941, 1951, 1981, 2011, 2022ల్లో మీ ఊరు ఏ జిల్లాలో ఉందో ఒక్కొక్క లైను రాయండి. ఆదివారం ఊళ్లో తిరిగి, బడి, ఆసుపత్రి, మార్కెట్టు, ఎక్కడైనా సరే, అయిదు శిలాఫలకాల మీది అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించుకోండి. అరిగిపోయిన అక్షరం ఉంటే ఊహించి నింపకండి, చుక్క పెట్టి వదిలేయండి.