నగర సేవల లెక్కలు – 4వ పాఠం: తలసరి నీళ్లకు ముందు, మళ్లీ ఒకసారి ఇళ్ల లెక్క

ఈ వారం తలసరి నీటి సరఫరాకి వెళ్లాలి. వెళ్తాం, కానీ పాఠం సగం దాటాక. పోయినసారి అభ్యాసానికి మీరు పంపిన కాగితాలు చూశాక కుళాయి కవరేజీని, అంటే మొత్తం కుటుంబాల్లో ఎంత శాతానికి ఇంటి కుళాయి ఉందన్న లెక్కని, అలాగే వదిలేసి ముందుకు పోవడం తప్పనిపించింది. ఎక్కువమంది 94, 97, 98 శాతం రాశారు. ఒకరిద్దరికి 100 దాటింది.

100 దాటినవాళ్లు కంగారు పడకండి. మీ లెక్కలో తప్పుందని అంకే చెప్పేసింది కాబట్టి మీరు తప్పకుండా వెనక్కి వెళ్లి చూస్తారు. నాకు భయం 98 దగ్గర. దాన్ని ఎవరూ ప్రశ్నించరు. కమిషనర్ సంతకం పెడతారు, కౌన్సిల్‌లో చదువుతారు, వచ్చే ఏడాది పైప్‌లైన్ల ప్రతిపాదనలో ఆ వార్డు పేరే ఉండదు.

తప్పు దాదాపు అందరిలోనూ ఒకటే. పైన కుళాయి కనెక్షన్ల సంఖ్య వేశారు, కింద ఆస్తి పన్ను అసెస్‌మెంట్ల, అంటే పన్ను వేయడానికి నమోదైన ఆస్తుల సంఖ్య వేశారు. రెండూ రిజిస్టర్లో సిద్ధంగా ఉంటాయి కాబట్టి చెయ్యి అటే పోతుంది. కానీ మనల్ని అడిగింది ఇళ్లు, అంటే కుటుంబాలు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో తెచ్చిన సేవా ప్రమాణాల పుస్తకంలో మొత్తం 28 సూచికలు ఉన్నాయి. నీళ్లు, మురుగునీరు, చెత్త, వాననీటి కాలువలు అన్నీ కలిపి. నీళ్లలో మొదటిది ఈ కవరేజీయే. సేవా ప్రాంతంలోని మొత్తం కుటుంబాల్లో నేరుగా కుళాయి ఉన్నవి ఎన్ని అన్నదే అక్కడి ప్రశ్న.

ఒక వార్డు ఊహించుకుందాం. అసెస్‌మెంట్లు 1,000. కనెక్షన్లు 950. రిజిస్టర్ ప్రకారం 95 శాతం, పని అయిపోయింది. ఇప్పుడు వార్డులోకి నడవండి. ఆ 1,000లో 70 దుకాణాలు, గోదాములు, ఖాళీ స్థలాలు. మిగిలిన 930 భవనాల్లో కాపురం ఉంటున్న కుటుంబాలు 1,260. అపార్ట్‌మెంట్లున్నాయి, అద్దె వాటాలున్నాయి. కాలువ గట్టు మీద ఇంకో 240 గుడిసెలున్నాయి. వాటికి అసెస్‌మెంట్ లేదు, కనెక్షన్ లేదు, టౌన్ ప్లానింగ్ వాళ్ల లేఅవుట్ మ్యాపులో అక్కడ ఖాళీ జాగా ఉంటుంది. మొత్తం 1,500 కుటుంబాలు. 950 కనెక్షన్లలో 40 దుకాణాలవి తీసేస్తే 910. అపార్ట్‌మెంట్‌కి ఒక్కటే కనెక్షన్ ఉన్నా, ఆ నీళ్లు సంపులోంచి అందరికీ వెళ్తాయి కాబట్టి అందులోని ప్రతి కుటుంబాన్నీ కుళాయి ఉన్నట్టే లెక్కవేయాలి. అలా చూస్తే కుళాయి ఉన్నవి 1,170 కుటుంబాలు. 1,170ని 1,500తో భాగిస్తే 78 శాతం.

95కీ 78కీ మధ్య తేడా 17 పాయింట్లని తీసిపారేయకండి. 78 శాతం రాసిన కాగితం వెనక 330 కుటుంబాలు కనిపిస్తాయి. 95 శాతం రాసిన కాగితం చూస్తే ఆ 240 గుడిసెలు ఈ ఊళ్లో లేనట్టే. అవి పైఅంకెలో లేవు, కిందఅంకెలోనూ లేవు. రెండుచోట్లా లేనప్పుడు శాతం తగ్గదు. ఇంకో వంద గుడిసెలు వెలిసినా తగ్గదు. నీళ్లు లేనివాళ్లు పెరుగుతూ పోతున్నా మన అంకె కదలకుండా కూర్చుంటే, అది సేవను కొలవడం లేదన్నమాట. నేను ఈ ఒక్క విషయాన్ని ఇంతగా లాగడానికి కారణం ఇదే.

"వాళ్లకి వీధి కుళాయి ఉంది కదండీ, ట్యాంకర్ కూడా వెళ్తోంది" అని ఇద్దరు ముగ్గురు రాశారు. ఉండొచ్చు. కానీ వీధి కుళాయి, ట్యాంకర్ల మీద ఆధారపడినవాళ్లని కవరేజీలో కలపకూడదని ప్రమాణాల పుస్తకంలోనే స్పష్టంగా ఉంది. బిందెతో వరుసలో నిలబడేవాళ్లనీ ఇంట్లో కుళాయి తిప్పుకునేవాళ్లనీ ఒకే గడిలో రాయకూడదు. వీధి కుళాయికి పక్కన వేరే గడి పెట్టుకోండి. మీరు చేస్తున్న పని కనిపించకుండా పోదు.

మరి గుడిసెల సంఖ్య ఎక్కడ దొరుకుతుంది? వార్డు సచివాలయం సర్వే జాబితా, ఓటర్ల జాబితా, అంగన్‌వాడీ సర్వే – అన్నీ కొంతవరకు పనికొస్తాయి. నేనైతే ముందు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్ దగ్గరికే వెళ్తాను. పొదుపు సంఘాల పనిమీద ఆవిడ ప్రతి సందూ తిరుగుతుంది. ఏ వాటాలో ఎవరు అద్దెకుంటున్నారో ఆవిడకి తెలిసినంతగా ఏ రిజిస్టర్‌కీ తెలియదు. 2011 జనాభా లెక్కల్ని మాత్రం ఇప్పటి సంఖ్యగా వాడకండి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది, ఈలోపు ఊరు ఎంతో పెరిగింది.

ఇంకొకటి, క్లుప్తంగా. వార్డుల శాతాలన్నీ కూడి వార్డుల సంఖ్యతో భాగించొద్దు. 400 కుటుంబాల వార్డులో 380కి కుళాయి ఉంటే 95 శాతం, 2,100 కుటుంబాల వార్డులో 840కి ఉంటే 40 శాతం. సగటు తీస్తే 67.5 వస్తుంది. అసలు జవాబు 1,220ని 2,500తో భాగిస్తే వచ్చే 48.8.

ఇప్పుడు తలసరి నీళ్లు. ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. పంపిణీలోకి వెళ్లిన నీటిని, ఆ నీళ్లు అందుకునే జనంతో భాగించడమే. కిందఅంకె గురించి చాలా చెప్పాను కాబట్టి పైఅంకె చూద్దాం.

పంపు నేమ్‌ప్లేటు మీద గంటకు 5 లక్షల లీటర్లని ఉంటుంది, లాగ్‌బుక్‌లో 12 గంటలు నడిచిందని ఉంటుంది, 60 లక్షలని రాసేస్తారు. 50,000 మంది ఉంటే తలకి 120 లీటర్లు, బాగానే ఉందనిపిస్తుంది. కానీ పాత పంపు నేమ్‌ప్లేటు చెప్పినంత తోడదు. ఫ్లో మీటర్ పనిచేస్తుంటే దాని రీడింగే తీసుకోండి. లేకపోతే ఓవర్‌హెడ్ ట్యాంకుతో కొలవండి: కిందికి వెళ్లే వాల్వు మూసి, పంపు నడిపి, నీటిమట్టం మీటరు పెరగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 12 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ట్యాంకులో మీటరు ఎత్తు అంటే సుమారు 1.13 లక్షల లీటర్లు. అది నిండడానికి 20 నిమిషాలు పడితే గంటకు 3.39 లక్షలే. 12 గంటలకి 40.7 లక్షలు, తలకి 81 లీటర్లు.

దీంట్లోంచి లెక్కలోకి రాని నీటిని, అంటే సరఫరా అయినా డబ్బు వసూలు కాని నీటిని, మొత్తం తీసేయాలా అని అడుగుతారు. తీసేయకండి. డబ్బు రాని నీళ్లన్నీ మట్టిలోకి పోయినవి కావు. అనధికార కుళాయి నీళ్లు కూడా ఎవరో తాగుతున్నవే. ఆ సూచికకు ప్రమాణం 20 శాతం, దాన్ని విడిగా చూద్దాం.

81 ఊరి సగటు. ట్యాంకు పక్క వీధికీ పైపు చివరి వీధికీ అది ఒకటి కాదు. దీనికి నేను వాడేది బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. 15 లీటర్ల బకెట్ 45 సెకన్లలో నిండితే నిమిషానికి 20 లీటర్లు. 40 నిమిషాలు వదిలితే 800 లీటర్లు, నలుగురున్న ఇంట్లో తలకి 200. చివరి వీధిలో అదే బకెట్‌కి 90 సెకన్లు పట్టి, నీళ్లు 25 నిమిషాలే వస్తే 250 లీటర్లు. ఐదుగురికి తలకి 50. పైపుకి మోటార్ బిగించి లాగే ఇల్లుంటే దాని పక్కింట్లో కూడా కొలవండి.

అభ్యాసం. మీ పరిధిలో ఒక్క వార్డు తీసుకోండి, చిన్నది కాదు, ఫిర్యాదులు ఎక్కువ వచ్చేది. కుటుంబాల సంఖ్యను రెండు వేర్వేరు జాబితాల నుంచి తెచ్చి, తేడా ఎంతో, ఎందుకో రాయండి. తర్వాత ఫిట్టర్‌ని వెంటబెట్టుకుని నీళ్లు వదిలే వేళకి వెళ్లి, లైను మొదట్లో మూడిళ్లు, మధ్యలో మూడిళ్లు, చివర మూడిళ్లు బకెట్‌తో కొలవండి. ఇది వరసగా మూడు సరఫరా రోజులు చేయాలి. ఒక్కరోజు కొలతకి విలువ లేదు, ఎందుకంటే మీరు వస్తున్నారని తెలిస్తే ఆరోజు వాల్వు కాస్త ఎక్కువే తిరుగుతుంది. కాగితం మీదే రాయండి, ఎక్సెల్ తర్వాత. ప్రతి అంకె పక్కన అది కొలిచిందా, రిజిస్టర్‌లోదా, అంచనానా అన్నది ఉండాలి. పక్కన ఏమీ లేని అంకెను ఈసారి దిద్దకుండానే తిప్పి పంపిస్తాను.