పాత స్పోర్ట్స్ కారు ఉంచుకోవాలా, అమ్మేసి కొత్తది కొనాలా? తేల్చుకోవడం ఎలా

డాలస్ శివార్లలో మా ఇంటి గరాజ్‌లో 2002 మోడల్ మాజ్డా మియాటా ఒకటి ఉంది. రెండే సీట్లు, గుడ్డ టాపు, చేత్తో వేసే ఐదు గేర్లు. ఏటా ఎండాకాలం రాగానే దీన్ని అమ్మేసి కొత్త మియాటా కొందామనిపిస్తుంది. అక్టోబర్‌లో టాపు తీసి ఓ సాయంత్రం తిరిగొచ్చాక ఆ మాటే మర్చిపోతాను. "అమ్మేస్తానని నాలుగేళ్లుగా అంటూనే ఉన్నారు. ముందుగా సీటు కింద నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి" అంది మా ఆవిడ ఒకరోజు. నిజానికి ఈ వ్యాసం అక్కడే మొదలైంది.

మియాటా 1989లో వచ్చింది. దీని అభిమానులు తరాలను అక్షరాలతో పిలుచుకుంటారు. 1997 వరకు ఎన్‌ఏ, 2005 వరకు ఎన్‌బీ, 2015 వరకు ఎన్‌సీ, ఆ తర్వాతది ఎన్‌డీ. నాది ఎన్‌బీ. దాని 1.8 లీటర్ల ఇంజనుకు 142 హార్స్‌పవర్. ఎన్‌డీకి 2019 నుంచి 181. బరువు మాత్రం రెండూ వెయ్యి కేజీల పైన ఓ అరవై, ఎనభై. ఇక్కడ చెప్పేదంతా మియాటా లెక్కలోనే ఉంటుంది. మీ దగ్గరున్నది వేరే కారైనా వరస ఇదే.

1. విసుగు దేని మీదో కాగితం మీద రాయండి

"కారు పాతదైంది" అనేది కారణం కాదు. సరిగ్గా ఏం ఇబ్బంది పెడుతోందో రాయండి. వణుకుతోందా, ఏసీ చల్లబడట్లేదా, ఇంట్లో మూడో మనిషి వచ్చాక రెండు సీట్లు చాలట్లేదా, పక్కవాడి కారు చూసి మనసు లాగుతోందా? చివరిది రాయడానికి సిగ్గుపడకండి, నా కాగితంలో అదే మొదటిది.

రాసినవాటిని రెండుగా విడదీయండి. రిపేరు చేస్తే పోయేవి ఒక పక్క, ఎంత చేసినా పోనివి ఇంకో పక్క. వణుకు మొదటిదాంట్లోకి వస్తుంది, సీట్ల సంఖ్య రెండోదాంట్లోకి. రెండో పక్క బరువైనవి ఉంటే మిగతా వ్యాసం చదవక్కర్లేదు, నేరుగా చివరి మెట్టుకు వెళ్లిపోండి.

2. తుప్పు చూడండి, ఇంజను కంటే ముందు

చాలామంది ఓడోమీటర్ చూసి భయపడతారు. పాత మియాటాను చంపేది మైళ్లు కాదు, తుప్పు. ఇంజనైతే ఇంకోటి తెచ్చి బిగించుకోవచ్చు. బాడీలో లోపలి ఇనుము తినేస్తే కోసి వెల్డింగ్ చేయాలి, ఆ ఖర్చుకు అంతుండదు.

ఎన్‌బీలో చూడాల్సినవి రెండు చోట్లు. ఒకటి, వెనక చక్రానికి సరిగ్గా ముందు, తలుపు కింద ఉండే గుమ్మం లాంటి భాగం. రెండోది కారు ముందు భాగం అడుగున పొడవునా ఉండే రెండు ఫ్రేమ్ రెయిళ్లు. వాటిలో ఇనప రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మధ్యలో తేమ చేరితే పైకి బాగానే కనిపిస్తూ లోపల పుచ్చిపోతాయి, పుచ్చు వంకాయలాగా. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడుతూ పోండి. గట్టి ఇనుము టంగుమంటుంది, పుచ్చింది డొల్లగా మోగుతుంది. పెయింటు కింద బుడగలు కనిపిస్తే లోపల పని ఎప్పుడో మొదలైందని అర్థం. కారు జీవితంలో ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ లాంటి చోట్ల చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో తుప్పు త్వరగా పడుతుంది. టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన కారుకీ, ఆ ఉప్పు రోడ్ల మీద పదేళ్లు తిరిగొచ్చిన కారుకీ పోలికే లేదు.

మా ఆవిడ అడిగిన నీళ్ల సంగతి కూడా ఇదే. గుడ్డ టాపు మీద పడిన వాన సీట్ల వెనక రెండు కాలువల్లోంచి దిగి, వెనక చక్రాల ముందు కిందకి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి ఆ దారి పూడిపోతే నీళ్లు కార్పెట్ మీదకో, ఆ గుమ్మం లోపలికో చేరతాయి. నేను రెండేళ్లు శుభ్రం చేయలేదు, అంతే. గడ్డి కోసే యంత్రంలో వాడే ప్లాస్టిక్ తీగ ముక్కతో పది నిమిషాల్లో పూడిక పోయింది. గుమ్మంలోకి ఇంకా పాకలేదు కాబట్టి బతికిపోయాను.

ఫ్రేమ్ రెయిలుకు చిల్లు పడి ఉంటే నా మాట వినండి, వదిలేయండి. కారుతో ఎంత అనుబంధం ఉన్నా సరే.

3. పోల్చేముందు పాతదాన్ని బాగుచేయండి

అందరూ తలకిందులుగా చేసేది ఇక్కడే. అరిగిన టైర్లతో, చచ్చిన షాకులతో (కుదుపు మింగే షాక్ అబ్జార్బర్లతో) ఇంటి నుంచి షోరూమ్‌కి వెళ్లి, కొత్త కారు నడిపి, ఆహా అనుకుంటారు. పోల్చింది పాత కారునీ కొత్త కారునీ కాదు, చూసుకోని కారునీ చూసుకున్న కారునీ.

చిన్నప్పుడు మా నాన్న స్కూటరు రోజూ పొద్దున ఓ పక్కకి వంచి, నాలుగు కిక్కులు కొడితే గానీ స్టార్టయ్యేది కాదు. ప్లగ్గు మార్పించాక ఒక్క కిక్కుకే లేచింది. ఆయన మాత్రం ఇంకో నెలపాటు అలవాటుగా వంచుతూనే ఉన్నారు. కారు కూడా అంతే, కొద్దికొద్దిగా చెడుతుంటే మనమే దానికి తగ్గట్టు మారిపోతాం.

టైర్లతో మొదలెట్టండి. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని. గాడి ఎంత లోతున్నా, ఏడెనిమిదేళ్లు దాటితే రబ్బరు గట్టిపడుతుంది. వారాంతాల్లో మాత్రమే తిరిగే కార్లలో ఇది మామూలే, అరగకముందే ముసలివైపోతాయి. నా కారు గంటకు 65 మైళ్ల వేగం దగ్గర ఊగుతోందని ఒక గ్యారేజీకి తీసుకెళ్తే, "సస్పెన్షన్ అంతా పోయింది, దీని మీద డబ్బు తగలెయ్యకండి, అమ్మేయండి" అన్నారు. నాలుగు టైర్లు మార్చి అలైన్‌మెంట్ చేయిస్తే ఊగడం ముప్పాతిక వంతు పోయింది. మిగతాది షాకులతో, రబ్బరు బుష్షులతో పోయింది.

గేరు బిర్రుగా పడుతుంటే గేర్‌బాక్స్ పోయిందని కంగారు పడకండి. ఐదు గేర్ల మియాటాలో గేరు కర్ర అడుగున చిన్న గిన్నె లాంటిది ఉంటుంది, దాని నూనె దానికి వేరేగా ఉంటుంది. పైనున్న రబ్బరు తొడుగు చిరిగిపోయి, నూనె ఎండిపోతే కర్ర ఇసకలో తిప్పినట్టుంటుంది. తొడుగు మార్చి కొత్త నూనె పోయడం ఒక పూట పని. నా కారులో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

రేడియేటర్ పైన ప్లాస్టిక్ తొట్టి నల్లగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే, వేడెక్కి ఇంజను పోకముందే మార్చేయండి. టైమింగ్ బెల్టు 60 వేల మైళ్లకోసారి మార్చాలి. బిల్లు కనబడకపోతే మార్చలేదనే అనుకోండి. దాన్ని విప్పినప్పుడే వాటర్ పంపు కూడా మార్పించండి, కూలీ రెండుసార్లు కట్టక్కర్లేదు. ఇంజను, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, బ్రేక్ ఆయిలు, కూలెంటు ఒకేసారి మార్చేయండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కూడా కొలిపించండి. నాలుగూ దాదాపు సమానంగా ఉంటే ఇంజను గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇదంతా నాకు 3,000 డాలర్ల లోపే అయింది, షాకులు నేనే బిగించుకున్నాను కాబట్టి. అమ్మినా ఈ డబ్బు పూర్తిగా రాదని తెలిసే పెట్టాలి.

4. లెక్క కట్టండి, కానీ సరైన లెక్క

"రిపేరు కారు ధరలో సగం దాటితే అమ్మెయ్" అనే సూత్రం పదిమంది నోటా వింటుంటాం. ఆఫీసుకు వెళ్లే కారుకు సరే గానీ, ఇలాంటి కారుకు నాకు నచ్చదు. చూడాల్సింది కారు ధర కాదు, వచ్చే రెండు మూడేళ్లలో ఒక్కో దారికి నెలకెంత అవుతుందని.

గత మూడేళ్ల బిల్లులు తీసి కూడి, 36తో భాగించండి. అది పాత కారు నెల ఖర్చు. కొత్త మియాటా అమెరికాలో సుమారు 30 వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది. చేతిలోంచి కొంత పెట్టి, 20 వేలు 7 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 396 డాలర్లు. అందులో వడ్డీయే మొత్తం 3,760. దీనికి పెరిగే ఇన్సూరెన్సు, మొదటి రెండేళ్లలో తరిగే విలువ కలపండి. నా మూడేళ్ల సగటు నెలకు 140 వచ్చింది, పైన చెప్పిన పెద్ద ఖర్చుతో కలిపే.

ఇన్సూరెన్సులో ఒక చిక్కుంది. మామూలు పాలసీలో పాత కారుకు అప్పటి మార్కెట్ ధరే కడతారు. చిన్న దెబ్బ తగిలినా బాగుచేసే ఖర్చు ధరను మించిందని మొత్తం పోయినట్టు రాసేస్తారు. ఉంచుకునే ఉద్దేశం ఉంటే ముందే విలువ ఒప్పుకునే క్లాసిక్ పాలసీ గురించి అడగండి. రోజూ ఆఫీసుకు నడిపే కారుకు సాధారణంగా ఇవ్వరు.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఇంకొకటి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష 24 ఏళ్లు దాటని కార్లకే. 2002 మోడల్‌కు 2027 నుంచి ఆ బెడద ఉండదు. ఈలోగా చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే మాత్రం పాస్ కాదు.

5. ఇప్పుడు కొత్తది నడపండి

పాతదాన్ని బాగుచేసిన వారంలోనే, అదే రోడ్డు మీద. నేను ఎన్‌డీని గంటసేపు నడిపాను. ఇంజను తేడా మొదటి సిగ్నల్ దగ్గరే తెలిసిపోయింది. టాపు కూర్చున్నచోటి నుంచే ఒక్క చేత్తో వెనక్కి పడిపోతుంది. స్టీరింగ్ దగ్గర మాత్రం నాకు పాతదే నచ్చింది. ఎన్‌బీలో స్టీరింగ్‌కు సాయం నూనె ఒత్తిడితో (హైడ్రాలిక్), ఎన్‌డీలో మోటారుతో (ఎలక్ట్రిక్). రోడ్డు మీద గతుకు నా అరచేతికి తెలిసే తీరు కొత్తదాంట్లో కాస్త మందంగా ఉంది. వేరేవాళ్లకు ఇది పట్టకపోవచ్చు. వాడిన ఎన్‌డీ కొనాలనుకుంటే 2016, 2017 మోడళ్లలో గేర్‌బాక్స్ మార్చిన బిల్లు ఉందేమో అడగండి. తొలి మోడళ్లలో అవి విరిగిన సందర్భాలున్నాయి.

6. ఎవరు నడుపుతారు, ఎక్కడ

ఈ మెట్టులో పాత కారును వెనకేసుకు రాను. ఎన్‌బీలో ముందు రెండు ఎయిర్‌బ్యాగులే ఉన్నాయి, పక్కల్లో లేవు. తడి రోడ్డు మీద జారితే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. అమెరికాలో అది అన్ని కార్లకూ తప్పనిసరైంది 2012 మోడళ్ల నుంచే. ఇక్కడి హైవేల మీద పికప్ ట్రక్కుల బంపరు నా భుజం ఎత్తులో ఉంటుంది. రోజూ రెండు గంటలు వాటి మధ్య నడపాల్సి వచ్చినా, కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లవాడికి తాళం ఇవ్వాల్సి వచ్చినా నేను ఎన్‌డీకే ఓటేస్తాను. ఆదివారం పొద్దున్నే ఊరి బయటి రోడ్డుకైతే పాతది చాలు. నాది ఆదివారం కారే, అందుకే ఉంచుకున్నాను. ఫ్రేమ్ రెయిలు డొల్లగా మోగిన రోజున అమ్మేస్తానని గరాజ్ గోడ మీద రాసి పెట్టాను, మా ఆవిడ సాక్షిగా.

7. అమ్మాలని తేలితే

డీలరుకే ఇచ్చి కొత్తది తీసుకుంటే, టెక్సస్‌లో పాత కారు విలువ పోగా మిగిలినదాని మీదే 6.25 శాతం పన్ను పడుతుంది. డీలరు మీ కారుకు 5,000 ఇస్తే మీకు ఆదా అయ్యే పన్ను 312 డాలర్లు. బయట అమ్మితే అంతకంటే చాలా ఎక్కువ వస్తుందనుకుంటేనే ఆ తలనొప్పి పెట్టుకోండి. బాగా చూసుకున్న మియాటాకు బయట బేరగాళ్లు దొరుకుతారు. బిల్లుల ఫైలు ముందు పెడితే బేరం సగం అయిపోయినట్టే.

బయట అమ్మితే నంబర్ ప్లేట్లు విప్పి దగ్గర పెట్టుకోండి. 30 రోజుల్లోగా వాహనం చేతులు మారిందని రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు ఆన్‌లైన్‌లో తెలియజేయండి. అద్దం మీది టోల్ ట్యాగ్ పీకడం మర్చిపోకండి, లేదంటే కొన్నాయన హైవే ఎక్కినప్పుడల్లా డబ్బు మీ ఖాతాలోంచే పోతుంది.