గుండె లయ మందులు, 5వ పాఠం: తోసేది, తోయకూడనిది

ఈ పాఠం వెరాపమిల్ గురించి అనుకున్నాను. కానీ పోయినసారి చదివినవాళ్ళు వరసగా ఒకటే రాశారు: "అడినోసిన్ 6 ఎంజీ ఇచ్చాం, 12 ఇచ్చాం, ఎస్‌వీటీ (గుండె పై గదుల వైపు నుంచి పుట్టే అతివేగం) దిగలేదు." కాన్యులా (సిరలో పెట్టే గొట్టం) ఎక్కడ పెట్టారంటే, మణికట్టు మీద బ్లూ, అంటే సన్నది! ఆ మందు అర్ధాయువు పది సెకన్లలోపే. అంత దూరం నుంచి బయల్దేరితే గుండె చేరేలోపే అయిపోతుంది. మోచేతి మడతలో గ్రీన్, అంటే లావుది, పెట్టండి (నాకు కుడి చెయ్యే ఇష్టం). మందు, దాని వెనకే 20 ఎంఎల్ సెలైన్, ఒక్క తోపు, చెయ్యి పైకి. పొద్దుట్నుంచి ఎన్ని ఇరానీ చాయ్‌లు పడ్డాయో కూడా అడగండి, కెఫీన్ ఈ మందుకి అడ్డుపడుతుంది. ఆస్తమా ఉందా అన్నది అంతకన్నా ముందు అడగాలి. మానిటర్ మీద గీత కాసేపు చదునవుతుందని అటెండెంట్లకి ముందే చెప్పండి, లేకపోతే వార్డులో గోల.

డీఫిబ్రిలేటర్ పక్కనుండాలని మళ్ళీ చెప్పను.

నాకు ఒళ్ళు మండింది ఇంకో ఉత్తరానికి. అడినోసిన్‌కి వేగం దిగలేదని డాక్టరుగారు అమియోడరోన్ 150 ఎంజీ రాస్తే, ఒక చెల్లెలు దాన్నీ అలాగే తోసేసింది. బీపీ 70కి పడింది. "కోడ్ బ్లూలో 300 తోస్తాం కదక్కా" అంటుంది. తోస్తాం, నిజమే. అక్కడ గుండె ఆగిపోయింది, పల్స్ లేదు తల్లీ, పడిపోవడానికి బీపీ ఎక్కడుంది? పల్స్ ఉన్న మనిషికి ఆ 150 ఎంజీని 100 ఎంఎల్ 5% డెక్స్‌ట్రోజ్‌లో కలిపి పది నిమిషాలు. సెలైన్‌లో కాదు. ఆంప్యూల్ మూడు ఎంఎల్లే, చూస్తే చెయ్యి దురదపెడుతుంది, తెలుసు. కొత్తలో నేనూ తోశాను. మందుతోపాటు దాన్ని కరిగించిన పాలీసార్బేట్ కూడా రక్తనాళాల్ని వదులు చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ బీపీ జారుతుంది, గుండె కూడా నెమ్మదిస్తుంది. పంప్ ఖాళీ లేదా? గడియారం చూస్తూ మంచం పక్కనే నిలబడండి. గంటకి మించి నడిచే డ్రిప్‌లో మందు ఎంఎల్‌కి 2 ఎంజీ దాటితే సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) అడగండి. చేతి నరం వాచిపోతుంది.

వెరాపమిల్ వచ్చే వారం. అప్పటిదాకా ఒక్కటి: ఈసీజీలో క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల గీత) వెడల్పుగా ఉంటే వెరాపమిల్ ఆంప్యూల్ జోలికి పోకండి.

అభ్యాసం, ఫోన్ పక్కన పెట్టి: అమియోడరోన్ 150 ఎంజీ బోలస్ (ఆ పది నిమిషాల మొదటి డోసు) అయింది. 900 ఎంజీ, మొత్తం 500 ఎంఎల్ అయ్యేలా కలిపారు. మొదటి ఆరు గంటలు నిమిషానికి 1 ఎంజీ, తర్వాత పద్దెనిమిది గంటలు 0.5. పంప్‌లో రెండు రేట్లూ ఎంత? బోలస్‌తో కలిపి ఆంప్యూల్స్ ఎన్ని? సెంట్రల్ లైన్ కావాలా?