నాయకత్వ శిక్షణ నడపడం ఎలా? నాలుగో పాఠం: రెండు ఆదివారాల మధ్య

గత పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ వఠారంలోనో, రేకుల షెడ్ల వరసలోనో ఇరవై ఇళ్లకి వెళ్లి ఒకటే ప్రశ్న అడగమన్నాను: "అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఒళ్లు బాగోలేకపోతే ముందు ఎవరి తలుపు తడతారు?" వచ్చిన పేర్లన్నీ రాసుకుని, మూడిళ్లకి తగ్గకుండా వినిపించిన పేర్ల కింద గీత గీయమన్నాను. ఆ గీత పడ్డవాళ్లే మీ బ్యాచ్. వాళ్లలో మైకు పట్టుకుని మాట్లాడగలిగినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటే గొప్ప. కంగారు పడకండి. ఆ పని ఇంకా చేయకపోతే మాత్రం ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది ముగించండి. మనుషుల ఎంపిక తప్పితే ఇక్కడ చెప్పబోయేదేదీ అక్కరకి రాదు.

ఈసారి క్లాసులో ఏం చెప్పాలన్నది కాదు పాఠం. ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ నడుమ ఉండే పద్నాలుగు రోజుల్ని ఏం చేసుకోవాలన్నది.

మా మొదటి బ్యాచ్ సంగతి చెబుతాను. మారతహళ్లి వెనక సందుల్లో ఉండేవాళ్లు, కదిరి, ధర్మవరం, ఆదోని వైపుల నుంచి బెంగళూరుకి పనికొచ్చినవాళ్లు. కట్టుబడి పనివాళ్లు, అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే ఆడవాళ్లు, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు, మొత్తం పద్నాలుగు మంది. నెలకి రెండు ఆదివారాలు, ఆరు నెలలు, పన్నెండు క్లాసులు. ఆటలు, పాటలు, చార్టులు, గోడ మీద 'నాయకుడి లక్షణాలు' అని ఒక పోస్టరు. ఆఖరి రోజు సర్టిఫికెట్లు, శాలువాలు, గ్రూప్ ఫోటో. ఆ ఫోటో చాన్నాళ్లు నా ఫోన్ తెర మీద పెట్టుకున్నాను కూడా.

మూడు నెలలు తిరక్కుండానే 2024 ఎండాకాలం వచ్చింది. బోర్లు ఎండాయి. ట్యాంకర్లవాళ్లు నోటికొచ్చిన రేటు చెప్పారు. ఆ మార్చిలో జిల్లా యంత్రాంగం ప్రైవేటు ట్యాంకర్లకి ధరలు కట్టింది: 5 కిలోమీటర్ల లోపయితే 6,000 లీటర్లకి 600 రూపాయలు. ఆ ఉత్తర్వు ప్రింటు తీసుకుని ట్యాంకర్ యజమాని ముందు పెట్టడానికి నలుగురు చాలు. మాకు పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లలో తొమ్మిది మంది నాకు ఫోన్ చేశారు. "అన్నా, నువ్వొచ్చి మాట్లాడితే పనయితాది."

ఆరు నెలల శిక్షణతో వాళ్లు బాగా నేర్చుకున్నది నాకు ఫోన్ చేయడం. తప్పు వాళ్లది కాదు. క్లాసులో గంటన్నర మాట్లాడింది నేను. అర్జీలు రాసింది నేను. ఆఫీసు మెట్లెక్కింది నేను. వాళ్లు చూస్తూ కూర్చున్నారు. పక్కన పీట వేసుకుని చూస్తే వంట వస్తుందా?

పెద్ద కంపెనీల ట్రైనింగ్ వాళ్లు 70-20-10 అని ఒక లెక్క చెబుతుంటారు. నేర్చుకునేదాంట్లో 70 పాళ్లు పని మీద, 20 తోటివాళ్ల దగ్గర, 10 మాత్రమే క్లాసులో అని. 1980ల్లో అమెరికాలో కొంతమంది మేనేజర్లని 'మీరెలా నేర్చుకున్నారు' అని అడిగి తేల్చిన లెక్క అది. మన వఠారాల్లో కొలిచింది కాదు. కాబట్టి ఆ అంకెల్ని బల్లగుద్ది చెప్పకండి. దిక్కు మాత్రం సరైనదే.

నాకు అంతకంటే దగ్గరగా అనిపించేది నెల్లూరు. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిపూట లాంతరు దగ్గర కూర్చుని ఆడవాళ్లు అక్షరాలు దిద్దారు, వాచకంలో తమ బతుకుల్లాంటి కథలే చదివారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది ఊరూరికీ పాకింది, సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం దాని వెనకే వచ్చాయి. ఆ తర్వాత నిషేధం ఎంతకాలం నిలిచిందన్నది వేరే చర్చ. మనకి కావలసింది ఇది: రాత్రి చదివిన పాఠానికీ పొద్దున చేయాల్సిన పనికీ మధ్య దూరం ఒక వీధి. దుకాణం అక్కడే ఉంది. ఎవరో 'నాయకత్వ లక్షణాలు' చెప్పి పంపితే లేచిన ఉద్యమం కాదది.

మన క్లాసుకీ అలాంటి వీధి ఒకటి కావాలి. అంటే ప్రతి క్లాసు చివర ఒక పని. దాన్ని ఎంచుకోవడంలోనే శిక్షణ నడిపేవాళ్ల పనితనమంతా ఉంది. ఒక్కళ్లే చేసుకోగలిగేదైతే అది బడిపిల్లల హోంవర్క్, దానివల్ల నాయకులు తయారవరు. పది నిమిషాల్లో అయిపోయేదైతే శనివారం రాత్రి హడావిడిగా ముగిస్తారు. తప్పకుండా నెగ్గేదైతే నేర్చుకోవడానికేం ఉండదు. ఓడితే ఇల్లు గడవని పరిస్థితి వస్తుందనుకుంటే అసలు ఇవ్వకూడదు. వీటి మధ్యన ఉండే పని దొరకాలి.

మాకు దొరికింది లేబర్ కార్డు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిబంధనల ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు కట్టుబడి పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకుని ఈ కార్డు తీసుకోవచ్చు. చదవడానికి సులువు. చిక్కంతా ఆ 90 రోజుల రుజువు దగ్గరే. మేస్త్రి సంతకం పెట్టడు. పెడితే తన మెడకేదో చుట్టుకుంటుందని భయం. అందుకే ఇది మంచి పని: పదిళ్లు తిరగాలి, కాగితాలు పోగుచేయాలి, ఇష్టంలేని మనిషిని ఒప్పించాలి, ఆన్‌లైన్ సెంటర్లో వరస కట్టాలి. చివరికి చేతికి కార్డొస్తే వీధంతా చూస్తుంది. ఇంటిపని చేసే అక్కలకి ఈ బోర్డు వర్తించదు, వాళ్లకి ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన జాబితా) నమోదు పని ఇచ్చాం. ఎవరి కడుపుకి తగిలే పని వాళ్లకే ఇవ్వండి.

మొదటి పదిహేను రోజులకే లేబర్ కార్డు ఇవ్వకండి, బెదిరిపోతారు. ముందు రెండిళ్లకి వెళ్లి మాట్లాడి రమ్మనండి. తర్వాత తమ ఇంట్లోనే ఐదారుగురిని పిలిచి టీ పోసి కూర్చోబెట్టమనండి. ఇంటి మీటింగ్ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దానికి పెద్ద చరిత్రే ఉంది. 1952లో కాలిఫోర్నియాలో శాన్ హోసే ఊరి పేదపేటకి ఫ్రెడ్ రాస్ అనే కార్యకర్త వెళ్లి ఇళ్లల్లో మీటింగులు పెట్టేవాడు. సీజర్ చావెజ్ అనే యువకుడు ఆయన్ని నమ్మలేదు. మీటింగ్‌కి స్నేహితుల్ని పోగేసి, తాను సిగరెట్టు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చగానే ఆ తెల్లాయన్ని సాగనంపాలని ముందే మాట్లాడుకున్నాడట. రాస్ మాట్లాడుతుంటే వింటూ ఉండిపోయాడు, సిగరెట్టు చెయ్యి మారలేదు. పదేళ్లకి, 1962లో, అదే చావెజ్ పొలం కూలీల సంఘం పెట్టాడు. ఆయన దొరికింది హాల్లో సభ పెడితే కాదు.

ఇప్పుడు అసలైన భాగానికి వద్దాం. పని చేసి తిరిగొచ్చినవాళ్లని ఏం అడుగుతారు?

రెండో బ్యాచ్‌లో కదిరి నుంచి వచ్చిన ఒకక్క పది కార్డులకి బయల్దేరి రెండే చేసి వచ్చింది. తలొంచుకుని కూర్చుంది. "మేస్త్రి సంతకం పెట్టనన్నాడన్నా. ఇంగ నేనేం జేసేది?" నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. మేస్త్రి పెట్టకపోతే కార్మిక సంఘం ఇచ్చే పత్రమైనా చెల్లుతుందని నాకు తెలుసు. చెప్పేస్తే క్లాసు ఐదు నిమిషాల్లో సాగిపోయేది. నాలుక కరుచుకుని నాలుగే ప్రశ్నలు అడిగాను. ఏమవుతుందనుకుని వెళ్లావు? ఏమైంది? తేడా ఎక్కడొచ్చింది? ఈసారి ఏం మారుస్తావు?

మూడో ప్రశ్న దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం భరించడమే ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైన విద్య, మాటకారులకి మరీ. నేను లోలోపల వంద లెక్కపెడతాను. డెబ్బై దాటిందో లేదో వెనక వరసలోంచి ఒక సెక్యూరిటీ అన్న అన్నాడు: "పనిలో ఉన్నప్పుడు అందరి ముందరా అడిగితే ఎవడు పెడతాడు? కూలి బట్వాడా అయినాక ఒక్కణ్నే నిలబెట్టి అడగల్ల." ఇంకో అమ్మాయి తన అన్న సంఘంలో ఉన్నాడనీ, అక్కడ పత్రమిస్తారేమో కనుక్కుంటాననీ అంది. నా దగ్గరున్న జవాబు వాళ్ల దగ్గర నుంచే వచ్చింది, దానికి తోడు నాకు తెలియని ఇంకో జవాబూ వచ్చింది. ఆ తర్వాతి పదిహేను రోజుల్లో ఆ అక్కకి మిగిలిన ఎనిమిదిలో ఐదు కుదిరాయి. మూడు కుదరలేదు. ఆ మూడూ ఈనాటికీ అలాగే ఉన్నాయి.

క్లాసు రెండు గంటలైతే ఈ ముచ్చటకి గంట ఇవ్వండి. కొత్త పాఠానికి నలభై నిమిషాలు చాలు. మిగతాది టీకి, ఆలస్యంగా వచ్చేవాళ్లకి.

బెంగళూరు తెచ్చిపెట్టే చిక్కులు కొన్నున్నాయి. షెడ్లలో ఉండేవాళ్లు బిల్డింగ్ పూర్తికాగానే ఇంకో సైటుకి వెళ్లిపోతారు, కాబట్టి ఆరు నెలల బ్యాచ్ వాళ్లతో నిలవదు. మేం మూడు నెలలకి కుదించాం. సంక్రాంతికీ ఉగాదికీ అటూ ఇటూ వారం వదిలేయండి, జనం ఊళ్లకి వెళ్తారు. ఆదివారం మధ్యాహ్నం బట్వాడా, సంత. పొద్దున పదిలోపు పెట్టుకోవడం మేలు. ఇక కన్నడ. ఆఫీసుల్లో అర్జీ కన్నడలోనే నడుస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాళ్లని ఒక్కొక్కరికి తోడిచ్చాం. వెంటనే ఇంకో తంటా: మాటంతా కుర్రాడే మాట్లాడుతున్నాడు, పెద్దావిడ పక్కన నిలబడుతోంది. నియమం మార్చాం. కుర్రాడు అర్జీ రాయొచ్చు, కౌంటర్ దగ్గర మొదటి మాట మాత్రం ఆవిడే మాట్లాడాలి, వచ్చీరాని కన్నడలోనైనా సరే. "నమస్కార సార్" తర్వాత తెలుగులోకి జారినా నవ్వేవాళ్లు తక్కువే. బెంగళూరు కౌంటర్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎక్కడో ఒకరుంటారు.

శిక్షణ బాగుపడుతోందా లేదా ఎలా తెలుస్తుంది? డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ఆచార్యుడు 1959లో శిక్షణని నాలుగు మెట్లలో తూచాలన్నాడు: వచ్చినవాళ్లకి నచ్చిందా, నేర్చుకున్నారా, నడవడి మారిందా, దానివల్ల బయట ఏమైనా జరిగిందా. మనవాళ్లు చాలామంది మొదటి మెట్టు మీదే చతికిలబడతారు. ఫీడ్‌బ్యాక్ కాగితంలో 'భోజనం బాగుంది' అని వస్తే మురిసిపోతాం. మూడో మెట్టుకి నేను వాడేది వంద పేజీల నోటుబుక్కు. బ్యాచ్‌లో ఒక్కొక్కరికీ ఒక పేజీ. సమస్య వచ్చినప్పుడు మొదట ఎవరికి ఫోన్ చేశారో అందులో రాస్తాను. మొదట్లో ప్రతి పేజీలోనూ నా పేరే. తర్వాత బ్యాచ్‌లో వాళ్ల పేర్లు, ఆ తర్వాత నాకు తెలియని పేర్లు కనపడాలి. నాలుగో నెలకీ నా పేరే ఉంటే మార్చాల్సింది ఆ మనిషిని కాదు, మీరిచ్చే పనిని.

ఈ పదిహేను రోజులకి మీ పని: గీత పడ్డ పేర్లలోంచి ముగ్గుర్ని ఎంచుకోండి. ఒక్కొక్కరికీ వాళ్ల కడుపుకి తగిలే పని ఒకటి రాయండి. రాశాక ఆ పని మధ్యలో మీకు ఫోన్ వస్తే ఏమంటారో కూడా ముందే రాసిపెట్టుకోండి, ఒక్క వాక్యం చాలు. నాది ఇది: "నువ్వేమనుకుంటున్నావక్కా?"

వచ్చే పాఠంలో, బ్యాచ్ ముగించినవాళ్లే తర్వాతి బ్యాచ్‌కి క్లాసు చెప్పేలా ఎలా చేయాలో చూద్దాం. నోటుబుక్కు కొనుక్కుని రండి.