ఇంగ్లీషు క్రియలతో సాధన – 7వ పాఠం: పారే మాట 'రన్'

గత పాఠంతో 'గెట్' ముగిసింది. ఈసారి 'రన్' తీసుకుందాం. చిన్నప్పుడు బడిలో మనందరం దీనికి 'పరుగెత్తు' అన్న ఒక్క అర్థమే వల్లించాం. ఆ అర్థం తప్పు కాదు. అయితే దానిని మాత్రమే పట్టుకుని ఇంగ్లీషు పత్రిక చదవబోతే నాలుగో వాక్యంలోనే అడుగు ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ కాలువ, రోడ్డు, దుకాణం, ముక్కు, చీర రంగు అన్నీ 'రన్' అవుతూనే ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ఈ ఒక్క క్రియకు 600కు పైగా అర్థాలు చూపుతుంది. వాటిని బట్టీ పట్టడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. 'పరుగెత్తు' స్థానంలో 'పారు' అన్న మన మాటను మనసులో నిలుపుకుంటే సగానికి పైగా దారి తెరుచుకుంటుందని నా గట్టి నమ్మకం.

'పారు' ఎన్ని పనులు చేస్తుందో గమనించండి. చేలో నీళ్ళు పారతాయి, దొంగ పారిపోతాడు, ఎత్తు ఫలిస్తే పాచిక పారిందంటాం. ప్రవాహం, పరుగు, పని జరగడం అనే మూడూ ఒకే ధాతువులో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లీషు వారి 'రన్' కథ కూడా దాదాపు ఇదే. పాత ఇంగ్లీషులో దీని మూలరూపమైన 'రిన్నన్'కు పరుగెత్తడం, ప్రవహించడం రెండూ అర్థాలే. జర్మన్‌లో దానికి తోబుట్టువైన 'రిన్నెన్'ను నేటికీ నీరు పారడానికీ, కారడానికీ వాడుతున్నారు.

మొదట నీటి దగ్గరే ఆగుదాం. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట చోట 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కిందికి చూస్తూ ఈ వాక్యాన్ని పైకి చదవండి: 'ద కృష్ణ రన్స్ ఇంటు ద సీ ఎట్ హంసలదీవి.' తెలుగులో 'పారుతోంది' అంటాం కాబట్టి ఇక్కడ 'ఈజ్ రన్నింగ్' అనాలని నాలుక తొందరపడుతుంది. నది దారి ఎప్పటికీ ఉండేదే కనుక 'రన్స్' అనడమే సరి. బెజవాడ ఊళ్ళోంచి పోయే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువల గురించి చెప్పేటప్పుడు కూడా 'రన్ త్రూ ద సిటీ' అనే అంటాం. ఇవాళ కాలువ నిండుగా పారుతోందని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం 'ద కెనాల్ ఈజ్ రన్నింగ్ ఫుల్' అనండి. వేసవిలో కాలువలు కట్టేశాక నీరు ఇంకిపోయి అడుగున బురద నెర్రెలిచ్చిన స్థితికి 'ద కెనాల్ హాజ్ రన్ డ్రై' అన్నది తగిన వాక్యం. ఇక్కడ 'రన్'కు పారడం అనే అర్థం లేదు, ఒక స్థితికి చేరుకోవడం అనే అర్థమే మిగిలింది. మూడు రూపాలూ 'రన్, ర్యాన్, రన్' అని గుర్తుంచుకుంటే 'హాజ్ ర్యాన్' అని రాసే పొరపాటు జరగదు.

కదలనివి కూడా 'రన్' అవుతాయి. 'బందరు రోడ్ రన్స్ ఈస్ట్' అన్న వాక్యంలో రోడ్డు ఎక్కడికీ కదలదు, దాని వెంట మన చూపు సాగుతుంది. 'ఈ రోడ్డు బందరు పోతుంది' అని మనమూ రోజూ అంటాం కదా. గోడకూ, తీగకూ, సరిహద్దు గీతకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

రైలు విషయంలో బెజవాడ స్టేషనే మంచి బడి. 'రన్నింగ్ లేట్ బై టూ అవర్స్' అని ఇంగ్లీషులో వినిపించే ప్రకటన తెలుగులో 'రెండు గంటలు ఆలస్యంగా నడుస్తున్నది' అని వినిపిస్తుంది. వారి పరుగు మనకు నడకగా మారింది. దుకాణం నడవడం, బడి నడపడం, యంత్రం నడవడం అనే చోట్లన్నిటా 'రన్' నిస్సంకోచంగా వాడవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మనం బస్సునూ నడుపుతాం, హోటలునూ నడుపుతాం. ఇంగ్లీషులో స్టీరింగు పట్టుకున్నవాడు 'డ్రైవ్' చేస్తాడు, బస్సులు తిప్పే యజమాని 'రన్' చేస్తాడు. 'ఐ రన్ ఎ బస్' అని డ్రైవరు చెబితే వినేవారు ఆయనను యజమాని అనుకుంటారు. ఇక సినిమా వంద రోజులు 'ఆడింది' అన్నా వారికి 'ర్యాన్' అవుతుంది. ఎన్నికల్లో నిలబడడానికి 'రన్' అనడం అమెరికా వాడుక, బ్రిటన్‌లో 'స్టాండ్' అంటారు, మన పత్రికలు 'కంటెస్ట్' అని రాస్తాయి.

అన్నిటికంటే ఎక్కువగా తడబాటు కలిగేది 'కారు' దగ్గర. ముక్కు కారుతోందంటే 'మై నోజ్ ఈజ్ రన్నింగ్.' కుళాయి కారుతోందంటే మాత్రం 'రన్నింగ్' కాదు, 'లీకింగ్' లేదా 'డ్రిప్పింగ్.' కుళాయి 'రన్నింగ్' అంటే ఎవరో దానిని కట్టకుండా వదిలేశారని, ధార ఆగకుండా బకెట్ నిండి పొర్లుతోందని అర్థం. నేను కొత్తగా అద్దెకు చేరిన ఇంట్లో, ఇంగ్లీషు మాత్రమే తెలిసిన యజమానికి ఫోనులో 'ద ట్యాప్ ఈజ్ రన్నింగ్' అని చెప్పాను. ఆయన 'దెన్ క్లోజ్ ఇట్' అని ఫోన్ పెట్టేశారు. కుళాయి కట్టే ఉంది, వాషర్ అరిగి చుక్క చుక్కగా కారుతోంది. వాషర్ మార్చే మనిషి రావడానికి మరో రెండు రోజులు పట్టింది. ఒక్క మాట ఎంపిక వల్ల ఎంత ఆలస్యం జరుగుతుందో నాకు ఆనాడు తెలిసింది.

రంగుల సంగతి కూడా ఇంత సూక్ష్మమైనదే. ఎర్ర అంచు ఉన్న మంగళగిరి చీరను తెల్ల పంచెతో కలిపి నానబెడితే, గంట తర్వాత నీళ్ళు గులాబీ రంగు తేలి, పంచె కొసన మచ్చ కనిపిస్తుంది. దానిని మనం 'రంగు దిగింది' అంటాం, వారు 'ద కలర్ హాజ్ రన్' అంటారు. అదే చీర ఏళ్ళ తరబడి ఎండలో ఆరి వెలిసిపోతే 'రన్' పనికిరాదు, అక్కడ 'ఫేడ్' రావాలి. దిగడం, వెలవడం అని తెలుగులో రెండు మాటలు వేరువేరుగా ఉన్నందున ఈ తేడా మనకు సులభంగానే పట్టుబడుతుంది.

ఈ వారం సాధనకు అయిదు వాక్యాలు ఇస్తున్నాను. మా పిన్ని గుంటూరులో టిఫిన్ సెంటరు నడుపుతోంది. పైపు రాత్రంతా కారింది. కుళాయి కట్టకుండా వదిలేశావు. ఈ కాలువ మా పొలం పక్కగా పోతుంది. బాబుకు పొద్దుటి నుంచీ ముక్కు కారుతోంది. ముందుగా ప్రతి వాక్యంలోని క్రియ కింద గీత గీసి, అది పారడమా, నడవడమా, ఊరికే సాగి ఉండడమా అని తెలుగులోనే తేల్చుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులోకి మార్చండి. ఒకదానికి 'రన్' అసలు కుదరదు, అది ఏదో కారణంతో సహా రాయండి. జవాబులు ఎనిమిదో పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో 'రన్ అవుట్ ఆఫ్'తో మొదలుపెట్టి, పాలు అయిపోయాయని చెప్పేటప్పుడు వాక్యానికి కర్త పాలా, మనమా అన్నది చూద్దాం.